పిల్లల్ని హోమ్ నుంచి ఇంటికి తెచ్చుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. అనాథాశ్రమమనండి, చిల్డ్రన్స్ హోమ్ అనండి, అక్కడ పెరుగుతున్న పిల్లలు మళ్లీ సొంతవాళ్ల దగ్గరికి ఎలా చేరాలన్నదే ఆ విషయం. హోమ్‌లో చేరిన పిల్లల్ని ఎక్కడ ఉంచాలో, ఎవరికి అప్పగించాలో తేల్చేది జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ. తిరుపతిలో ఆ కమిటీ సభ్యురాలిగా పనిచేశాను కాబట్టి మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఆపి వీటికే జవాబు రాస్తున్నాను. పేర్లు తీసేశాను. ఊర్ల పేర్లు అవసరమైన చోట మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా ఆయన బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయి అక్కడే చనిపోయాడు. అప్పులవాళ్లు ఇంటి మీదికొచ్చారు, అత్తగారింట్లో ఉండనివ్వలేదు. తెలిసినాయన ఒకరు చెబితే పిల్లలిద్దరినీ తిరుపతి దగ్గర ఒక హోమ్‌లో చేర్చాను. పాప ఇప్పుడు ఏడో తరగతి, పిల్లోడు నాలుగు. చేర్చేటప్పుడు ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఇప్పుడు నాకు పాల డెయిరీలో పని దొరికింది, మా అమ్మ కూడా నాతోనే ఉంది. పిల్లల్ని పంపమంటే ‘నువ్వు రాసిచ్చేశావు, కుదరదు’ అంటున్నారు. పాప కూడా ఫోన్‌లో ‘నేను రాను’ అనేసింది. నా బిడ్డలు నాకు కాకుండా పోయినట్టేనా?

జవాబు: కాదమ్మా. ఆ భయం ముందు వదిలేయండి. హోమ్‌వాళ్ల ఆఫీసులో పెట్టిన సంతకంతో తల్లికి బిడ్డ దూరం కాదు. బిడ్డను వదులుకోవడానికి చట్టంలో ఒక పద్ధతి ఉంది. తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందుకు రావాలి, వాళ్లు విచారించి నచ్చజెప్పి చూడాలి, అప్పటికీ వద్దంటేనే పత్రం రాయించుకుంటారు. ఆ తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. మీరు కమిటీ గడప తొక్కినట్టే రాయలేదు. అలాంటప్పుడు ‘రాసిచ్చేశావు’ అన్న మాటకు విలువ లేదు.

ఇంకో సంగతి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం హోమ్ మొదటి లక్ష్యమే పిల్లల్ని కుటుంబానికి తిరిగి చేర్చడం. ఇంకే దారీ లేనప్పుడు మాత్రమే పిల్లల్ని సంస్థలో ఉంచాలని అదే చట్టం చెబుతోంది. హోమ్‌లో చేరే ఏ బిడ్డనైనా 24 గంటల్లో కమిటీకి చూపించాలి, బస్సు ప్రయాణపు సమయం అందులోకి రాదు. మీ పిల్లల్ని అలా చూపించారా, ఆ హోమ్‌కు రిజిస్ట్రేషన్ ఉందా అన్నది మీరు తప్పకుండా అడగాలి. రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల్ని పెట్టుకుంటే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ.

అలాగని రేపే పోయి గేటు దగ్గర గొడవ పెట్టుకోవద్దు. పిల్లల్ని చెప్పకుండా ఆటోలో ఎక్కించుకుని వచ్చేయడం అసలే వద్దు. హోమ్ తిరుపతి జిల్లాలో ఉంది కాబట్టి తిరుపతి బాలల సంక్షేమ కమిటీకి ఒక అర్జీ పెట్టండి. మంచి భాష అక్కర్లేదు. పిల్లల పేర్లు, ఎప్పుడు చేర్చారు, ఎందుకు చేర్చారు, ఇప్పుడు మీ బతుకు ఎలా ఉంది, పిల్లల్ని తీసుకుపోవాలనుకుంటున్నానన్న మాట. అంతే. మీ ఆధార్, రేషన్ కార్డు, భర్త మరణ ధ్రువపత్రం, పిల్లల పుట్టిన తేదీ కాగితం ఏదైనా, మీరు పిల్లలతో ఉన్న పాత ఫొటో ఒకటి ఉంటే అది కూడా జత చేయండి. అర్జీ అందినట్టు నకలు మీద స్టాంపు వేయించుకోవడం మరవద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మీ ఊరు చిత్తూరు జిల్లాలో ఉండిపోయింది. కాబట్టి తిరుపతి కమిటీ చిత్తూరులోని జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని మీ ఇంటిని చూసి నివేదిక పంపమంటుంది. కొన్నిసార్లు కేసునే చిత్తూరు కమిటీకి బదిలీ చేస్తారు. రెండు ఊళ్ల మధ్య కాగితం తిరగడానికి టైము పడుతుంది, దానికి కంగారుపడకండి. ఇంటి విచారణకు పదిహేను రోజులు, మొత్తం తేల్చడానికి నాలుగు నెలలు అని చట్టం గడువు పెట్టింది. అది దాటిపోతున్నా ఎవరూ పలకకపోతే కలెక్టరుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మీకు ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేదు. ఫోన్ నంబరు 15100.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లను చూసి భయపడొద్దు. పక్కింటి టీవీ తెచ్చి పెట్టుకోవడం, బీరువా అరువు తెచ్చుకోవడం ఇవేవీ వద్దు. వాళ్లు చూడాల్సింది వేరే. పిల్లలు ఎక్కడ పడుకుంటారు, రాత్రిళ్లు ఇంట్లో ఎవరెవరు ఉంటారు, మరుగుదొడ్డి ఇంట్లోనే ఉందా, బడి ఎంత దూరం, మీరు తెల్లవారుజామున డెయిరీకి పోతే పిల్లల్ని ఎవరు లేపి బడికి పంపుతారు. ఈ చివరిదానికి ‘మా అమ్మ’ అని మీ దగ్గర జవాబు ఉంది. అది చాలా పెద్ద బలం. పేదరికం ఒక్కటే సాకుగా పెట్టి బిడ్డను ఇంటికి చేరకుండా ఆపకూడదని ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఎవరైనా ‘ఈ ఇంట్లో ఏం పెట్టి సాకుతావు’ అంటే ఆ మాట గుర్తుపెట్టుకోండి.

డబ్బు సంగతి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఒకటుంది. భర్త లేని తల్లి పిల్లలకు, హోమ్ నుంచి ఇంటికి చేరిన పిల్లలకు అది వర్తిస్తుంది. ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. డెయిరీ జీతంతో మీరు ఆ గీతకు ఏ పక్క ఉంటారో చూసుకోండి. పిల్లలు ఇంటికి వచ్చాక అడుగుదాంలే అనుకోవద్దు. అర్జీతో పాటే అడగండి, ఎందుకంటే స్పాన్సర్‌షిప్ మంజూరు చేసే కమిటీ వేరే. మొదటి కొన్ని నెలలు ఆ డబ్బు చేతికి రాదన్న లెక్కతోనే ఇల్లు నడిపే ఏర్పాటు చేసుకోండి. వితంతు పింఛను ఇప్పుడు నెలకు 4,000 ఉంది, మీకు రాకపోతే సచివాలయంలో దరఖాస్తు చేయండి. బడి విషయంలో టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ పాఠశాల పిల్లల్ని వెనక్కి పంపకూడదు. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు ఆ భరోసా ఇచ్చింది.

ఇక పాప. నన్నడిగితే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘నేను రాను’ అన్నదే. దాన్ని పిల్ల పొగరనో, హోమ్‌వాళ్లు నేర్పిందనో కొట్టిపారేయకండి. వార్డెన్ పక్కన నిలబడి ఉంటే పిల్ల ఒకటి చెబుతుంది, ఒంటరిగా ఉంటే ఇంకొకటి చెబుతుంది. కమిటీ ఆమెను విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి, అలా మాట్లాడమని మీరు కూడా అడగండి. పన్నెండేళ్ల పిల్ల మాటకు బరువుంది.

ఆ మాట వెనక చాలా ఉండొచ్చు. అమ్మ నన్ను వదిలేసింది, మళ్లీ వదిలేయదని ఏముంది అన్న కోపం ఉండొచ్చు. స్నేహితులను వదలాలన్న బెంగ ఉండొచ్చు. పెద్దమనిషి అయ్యే వయసు, ఊళ్లో మరుగుదొడ్డి లేకపోతే ఎట్లా అన్న సిగ్గు ఉండొచ్చు. మీ అత్తగారింటి వైపు ఎవరి వల్లనైనా చిన్నప్పుడు ఏదైనా జరిగి ఉంటే, చెప్పుకోలేని భయం కూడా ఉండొచ్చు. ఆ చివరిదాన్ని గట్టిగా అడిగి రాబట్టకండి. ‘ఇంట్లో నువ్వు చూడకూడదనుకునే మనిషి ఎవరైనా ఉన్నారా?’ అని ఒక్కసారి మెల్లగా అడిగి, జవాబు కోసం ఆగండి.

నెలకొకసారైనా పోయి చూడండి. స్త్రీశక్తి పథకం వచ్చాక ఎక్స్‌ప్రెస్ బస్సు వరకు ఛార్జీ లేదు, మీకు పోయేది ఒక రోజు కూలి. అది కష్టమేనని నాకు తెలుసు, అయినా పోండి. పోయినప్పుడు ఏడుస్తూ పట్టుకోవద్దు, ‘వచ్చే నెల తీసుకుపోతా’ అని మాట ఇవ్వొద్దు. ఎందుకు చేర్చాల్సి వచ్చిందో నిజం చెప్పండి. అప్పులు, తాళాలు వేసిన ఇల్లు, ఆ రోజుల్లో మీరు ఎక్కడ పడుకున్నారో అన్నీ చెప్పండి. పిల్లలు నిజాన్ని మోయగలరు. కారణం తెలియకపోతే తప్పు తమదేనని అనుకుంటారు.

తర్వాత సెలవు అడగండి. పెళ్లికో పండగకో పిల్లను సాధారణంగా ఏడు రోజుల వరకు ఇంటికి పంపే అధికారం కమిటీకి ఉంది. సంక్రాంతికో గంగమ్మ జాతరకో ఇద్దర్నీ పిలుచుకోండి. ఇద్దర్నీ. పిల్లోడు వస్తానన్నాడని వాడినొక్కడినే తెచ్చేసుకుంటే పాప అక్కడ ఇంకా ఒంటరిదవుతుంది. ఇంటికి వచ్చినప్పుడు చుట్టాలందర్నీ పోగేయకండి. హోమ్‌లో పెరిగిన పిల్లలు మొదటి రోజుల్లో చేసే పనులు చూసి తల్లులు కుమిలిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. కుప్పం వైపు ఒక ఇంట్లో పిల్లవాడు సొంత అమ్మ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ‘నీళ్లు తాగొచ్చా?’ అని అడిగాడు. కుండ వాడి మోచేతి పక్కనే ఉంది. ఇంకో పాప చెనిగ్గింజల ఉండలు పరుపు కింద దాచుకునేది, రేపు పెడతారో లేదోనని. ఇలాంటివి చూస్తే తిట్టకండి, ఎగతాళి చేయకండి, ఏడవకండి. కుండ మీది గ్లాసు వాళ్ల చేతికి అందేలా పెట్టండి, డబ్బా మూత తీసి ఉంచండి. మెల్లగా పోతుంది.

ఏప్రిల్‌లో పరీక్షలు అయ్యాక తెచ్చుకుంటే జూన్‌లో బడి తెరిచేలోపు ఊరు అలవాటవుతుంది. హోమ్‌లోని స్నేహితులకు ఫోన్ చేసుకోనివ్వండి. అప్పగించే రోజు శాలువాలు, ఫొటోలు అని ఎవరైనా బయల్దేరితే వద్దని చెప్పండి. వచ్చాక సంరక్షణ విభాగం వాళ్లు మళ్లీ మళ్లీ వచ్చి చూడాలి. మొదటి వారం, మొదటి నెల, ఆ తర్వాత మూడు నెలలకోసారి రమ్మని మీరే అడగండి. వచ్చినప్పుడు పిల్లలతో మీరు లేకుండా మాట్లాడనివ్వండి.

ప్రశ్న: చిత్తూరు జిల్లాలో ఒక హోమ్‌లో ఆయాగా చేస్తున్నాను. మా దగ్గర తొమ్మిదేళ్ల పిల్లోడు ఉన్నాడు, తల్లి లేదు. తండ్రి వచ్చి తీసుకుపోతానంటున్నాడు. ఆయన తాగుతాడు. స్నానం చేయించేటప్పుడు చూశాను, పిల్లోడి వీపు మీద బీడీతో కాల్చిన మచ్చలు ఉన్నాయి. తండ్రి పేరు ఎత్తితే చాలు, నిద్రలో పక్క తడిపేస్తాడు. మా సారు ‘చట్టం ఇంటికి పంపమంటోంది, పైనుంచి అడుగుతున్నారు’ అంటున్నారు. నేను ఐదో తరగతి చదువుకున్నదాన్ని. నా మాట ఎవరు వింటారు?

జవాబు: అందరికంటే ముందు మీ మాటే వినాలమ్మా. వాడికి స్నానం చేయించేది మీరు, రాత్రి పక్క మార్చేది మీరు. ఫైల్లో ఉన్నదంతా కలిపినా మీకు తెలిసినంత ఉండదు.

చట్టం ఇంటికి పంపమంటోంది, నిజమే. ఆ చట్టమే బిడ్డ క్షేమం అన్నిటికంటే ముందు చూడమంటోంది. పైనుంచి అడుగుతున్నారని తొందరపడే జబ్బు మనకు కొత్తది కాదు. 2020 సెప్టెంబరులో, కరోనా రోజుల్లో, జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు రాసింది. అందులో మన రాష్ట్రం కూడా ఉంది. హోముల్లోని పిల్లల్ని వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చేలా చూడమన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఒక్కో బిడ్డ ఇల్లు ఒక్కో రకం, వందో రోజుకల్లా తాగుడు మానే తండ్రి ఎక్కడా ఉండడు. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు అలా ఇళ్లకు చేరిన పిల్లల చదువుకు నెలకు 2,000 రూపాయలు ఇవ్వమని ఆదేశించాల్సి వచ్చింది. పంపడం ఒక్కటే సరిపోదని అక్కడే తెలుస్తోంది.

మీరు చేయాల్సింది చెబుతాను. కమిటీకి ఒక కాగితం రాయండి, మీకు రాయడం కష్టమైతే నమ్మకమైన ఎవరితోనైనా రాయించండి. ‘ఆయన చెడ్డవాడు’ అని రాయొద్దు. మీరు చూసింది రాయండి. వీపు మీద ఎన్ని మచ్చలు, ఎక్కడ, తండ్రి ఏ తేదీన వచ్చాడు, తాగి ఉన్నాడా, ఆ రాత్రి పిల్లోడు ఏం చేశాడు. చివర్లో, పిల్లోణ్ణి కమిటీ ముందుకు తీసుకుపోయేటప్పుడు నన్ను కూడా పిలవండి అని రాయండి. కాగితం మీ సారు చేతిలోనే ఆగిపోతుందనుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరుకు ఎవరైనా చేయొచ్చు, ఆయా కూడా. కాల్చిన మచ్చలంటే అది క్రూరత్వం కిందికి వస్తుంది, మూడేళ్ల వరకు జైలు పడే నేరం. డాక్టరుకు చూపించి రాయించమని కమిటీని అడగండి. ఒకవేళ పిల్లోడి మాటల్లో లైంగికంగా ఏదైనా జరిగినట్టు తెలిస్తే ఇక ఆలోచించడానికి లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలి.

తండ్రి దగ్గరికి పంపకూడదంటే జీవితాంతం హోమ్‌లోనే ఉంచాలని కాదు. తల్లి తరఫువాళ్లు ఎక్కడున్నారో ఎవరైనా వెతికారా? మన వైపు మేనమామ అంటే ఎంత దగ్గరో మీకు చెప్పక్కర్లేదు. తల్లి చనిపోయాక అల్లుడి మీద కోపంతో రాకపోకలు ఆగిపోయి, బిడ్డ హోమ్‌లో ఉన్న సంగతే తెలియని అమ్మమ్మలు ఉన్నారు. కమిటీ విచారణ చేసి వాళ్లకు అప్పగించవచ్చు, వాళ్లకు కూడా స్పాన్సర్‌షిప్ ఇప్పించవచ్చు. తల్లి పుట్టిల్లు ఏ ఊరో పిల్లోడికి గుర్తుందేమో అన్నం పెట్టేటప్పుడు అడిగి చూడండి.

ఆ తండ్రిని కూడా పూర్తిగా తుడిచేయాలని నేను అనను. సర్కారు పెద్దాసుపత్రుల్లో తాగుడు మాన్పించే వైద్యం ఉంది. మానితే, మానాడని కొంతకాలం కనిపిస్తే, ఎవరైనా పక్కన ఉండగా వచ్చి చూసిపోనివ్వచ్చు. పిల్లోడు ఒప్పుకుంటేనే.

ప్రశ్న: చిత్తూరులో వ్యాపారం చేసుకుంటాను. మా అబ్బాయి పుట్టినరోజుకు ప్రతి ఏడాదీ ఒక అనాథాశ్రమంలో భోజనాలు పెట్టి, కేకు కోయిస్తాం. ఈమధ్య ఒకరు ‘అలా ఇవ్వడం వల్లే పిల్లలు ఇళ్లకు పోలేకపోతున్నారు’ అన్నారు. మనసు చివుక్కుమంది. మానేయాలా?

జవాబు: అయ్యా, మీ మనసు మంచిది, దాన్ని నొప్పించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. సంస్థల్లో ఉన్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో ప్రపంచం మొత్తం మీద లెక్క చెప్పింది. ఈ నెల మొదటి ఉత్తరం రాసిన తల్లి పిల్లలు కూడా ఆ నలుగురిలోనివాళ్లే. మీరు ఇచ్చే భోజనం హోమ్‌లో ఉన్న బిడ్డకే అందుతుంది, అదే బిడ్డ ఇంట్లో ఉంటే ఎవరూ ఒక కిలో బియ్యం ఇవ్వరు. తల్లి ఆ లెక్క చూసుకునే బిడ్డను హోమ్‌లో పెడుతుంది.

సంస్థలో పెరగడం పసిపిల్లలకు ఏం చేస్తుందో రొమేనియాలో తేల్చి చూశారు. బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో సంస్థల్లో ఉన్న 136 మంది చిన్నపిల్లలను తీసుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. ఇళ్లకు చేరినవాళ్ల తెలివి, మాట, మనుషులతో బంధం మెరుగుపడ్డాయి. రెండేళ్లలోపు ఇల్లు దొరికినవాళ్లకు ఇంకా ఎక్కువ మేలు జరిగింది.

నిజంగా ఎవరూ లేని పిల్లలు ఉంటారు, వాళ్లకు మంచి హోమ్ కావాలి. తిరుపతిలో టీటీడీ బాలమందిరం 1943 నుంచీ ఉంది. కాబట్టి మానేయమని చెప్పను. ఈసారి పోయినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తారా? పోయిన ఏడాది ఇక్కడి నుంచి ఎంతమంది ఇళ్లకు పోయారు? రెండో ప్రశ్నకు మొహం చిట్లిస్తే ఆ డబ్బు ఇంకెక్కడైనా ఇవ్వండి. సంతోషంగా చెబితే, ఇంటికి పోబోతున్న బిడ్డ తల్లికి కుట్టుమిషనో, చూడ్డానికి వచ్చే తల్లి పోగొట్టుకునే రోజు కూలో ఇవ్వండి. జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడిగితే అలాంటి కుటుంబాలకు దాతగా ఎలా చేరాలో చెబుతారు.

కేకు ఫొటోలు మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. హోమ్‌లోని బిడ్డ ఎవరో తెలిసేలా ఫొటో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. శిక్ష సంగతి అటుంచండి. రేపు ఆ పాప ఇంటికి పోయి కొత్త బడిలో చేరాక, పక్క బెంచీ పిల్ల ఆ ఫొటో చూపిస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు. తిరుపతిలో హోమ్‌లో ఉంటూ ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాను. ఐదారేళ్లప్పుడు తిరుపతి రైల్వే స్టేషన్లో ఏడుస్తూ దొరికానట. అమ్మ మొహం సరిగ్గా గుర్తులేదు. ఇంట్లో పెద్ద పెద్ద గుండ్రటి వెదురు తట్టలు నిలబెట్టి ఉండేవి, వాటి నిండా తెల్లటి గూళ్లు. వాన పడ్డట్టు చప్పుడొచ్చేది. ఒక ముసలామెను అజ్జీ అని పిలిచేవాణ్ణి. మా వాళ్లను వెతకొచ్చా? ఇంకో ఏడాదిలో హోమ్ నుంచి పంపేస్తారని భయంగా ఉంది.

జవాబు: నాయనా, నీకు చాలా గుర్తుంది. నువ్వు చెప్పిన తట్టలు పట్టుపురుగులు గూళ్లు కట్టుకునే చంద్రికలు. వాన చప్పుడు పురుగులు మల్బరీ ఆకు తినే చప్పుడు. రాత్రి ఇల్లంతా అదే వినిపిస్తుంది, పట్టు పెంచే ఇంట్లో పడుకున్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోరు. అజ్జి అన్నావు, ఇంట్లో మాట కన్నడమైనా అయ్యుండాలి, కన్నడం కలిసిన తెలుగైనా అయ్యుండాలి. కుప్పం, పలమనేరు, హిందూపురం వైపు, సరిహద్దు దాటితే కోలారు, చింతామణి, శిడ్లఘట్ట వైపు ఇంటింటా పట్టు పెంచుతారు. బెంగళూరు వైపు నుంచి తిరుపతి వచ్చే రైళ్లు బంగారుపేట, కుప్పం, జోలార్‌పేట, కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా వస్తాయి. వెతకడానికి ఇది చిన్న ఆధారం కాదు.

నీ ఫైలు చూపించమని కమిటీకి రాసుకో. అందులో నువ్వు దొరికిన తేదీ, ఏ ప్లాట్‌ఫాం, ఏ బట్టలు, అప్పుడు నువ్వు చెప్పిన మాటలు ఉండాలి. ఐదేళ్ల పిల్లాడు చెప్పిన ఊరి పేరు తెలుగు రైటరు చెవికి ఇంకోలా వినిపించి, ఇంకోలా రాసుకుని ఉండొచ్చు. దాన్ని నోటితో పలికి చూడు. ఆ తేదీకి అటూ ఇటూ కర్ణాటక, తమిళనాడు పోలీసు స్టేషన్లలో తప్పిపోయిన పిల్లల కేసులు చూడమని కమిటీ రాయవచ్చు. బిడ్డ తప్పిపోయాడని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013 మే నెలలో చెప్పింది. తప్పిపోయిన, దొరికిన పిల్లల వివరాలుండే ట్రాక్ చైల్డ్ ఇప్పుడు మిషన్ వాత్సల్య పోర్టల్‌లో కలిసిపోయింది, అందులో కూడా వెతికించు. వేలిముద్రలతో పాత ఆధార్ దొరికి ఇల్లు చేరిన పిల్లలు ఉన్నారు. కానీ ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు కాబట్టి నీ విషయంలో దాని మీద మరీ ఆశ పెట్టుకోకు.

నీ కథ, ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దు. ‘మేమే మీవాళ్లం’ అని ఎవరో వస్తారు, నువ్వు నమ్మాలనే అనుకుంటావు. నిజంగా దొరికినా మొదటి కలయిక కౌన్సెలర్ పక్కన ఉండగా తిరుపతిలోనే జరగాలి. అనుమానం ఉంటే డీఎన్ఏ పరీక్ష అడగడం తప్పు కాదు. అమ్మ ఉండకపోవచ్చు. నాన్న ఇంకో పెళ్లి చేసుకుని ఉండొచ్చు. వాళ్లు నీ కోసం ఊరూరా తిరిగి ఉండొచ్చు, తిరగకపోయి కూడా ఉండొచ్చు. వెతకడం మొదలుపెట్టే ముందే వీటి గురించి కౌన్సెలర్‌తో మాట్లాడుకో. దొరికినా వెంటనే అక్కడికి పోయి ఉండాలని లేదు, ఇంటర్ పరీక్షలు రాసి, పోతూ వస్తూ ఉండొచ్చు.

పద్దెనిమిది నిండగానే వీధిన పడతానన్న భయంతో మాత్రం తొందరపడకు. సాధారణంగా 21 ఏళ్ల వరకు ఆఫ్టర్ కేర్ అనే ఏర్పాటు ఉంది. నెలకు 4,000 సాయం, చదువో పనో నేర్చుకునే వీలు ఉంటాయి. హోమ్ నుంచి బయటికి వచ్చే ముందే దానికి అర్జీ పెట్టించు.

ఈ ఆదివారం ఒక తెల్ల కాగితం తీసుకుని ఇల్లు గీయి. తలుపు ఏ వైపు, తట్టలు ఏ గదిలో, బయట నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లు, గుడి గంట వినిపించేదా, రైలు కూత వినిపించేదా. కింద గుర్తున్న మాటలన్నీ, అర్థం తెలియకపోయినా, వినిపించినట్టే రాయి. నీ ఉత్తరంలో నువ్వు రాయని సంగతి ఒకటి ఉంది, ఇంట్లో నీతో పాటు ఇంకా పిల్లలు ఎవరైనా ఉండేవారా అన్నది. అదీ రాసి కౌన్సెలర్‌కు ఇవ్వు.